పోలిష్ వాళ్లకు ఇంగ్లీషు: ఓవర్‌టేక్, పాస్... ఏది ఎక్కడ?

వార్సా_టీచర్: ఇక్కడ పెద్దవాళ్లకు ఇంగ్లీషు చెప్తాను. ఎక్కువమంది బ్రిటన్ వెళ్లే లారీ డ్రైవర్లు. బండి బండిని దాటడానికి పోలిష్‌లో మూడు క్రియలున్నాయి. ముందు వెళ్తున్న బండిని దాటితే విప్షెద్జాచ్. ఆగి ఉన్న బండినో గుంతనో తప్పించుకుని వెళ్తే ఒమియాచ్. ఎదురొచ్చే బండి పక్కనుంచి వెళ్తే విమియాచ్. 1997 నాటి ట్రాఫిక్ చట్టంలో మూడింటికీ వేర్వేరు నిర్వచనాలున్నాయి. అందుకే ఇంగ్లీషులోనూ మూడు అడుగుతారు. నేను ఓవర్‌టేక్, గో రౌండ్, పాస్ అని వరసగా ఇస్తున్నాను. మీరెలా చెప్తారు?

డాలస్_మూర్తి: అలా ఇవ్వకండి మేడమ్. అమెరికాలో మూడింటికీ పాసే. 'డూ నాట్ పాస్' బోర్డు ఉంటే ఓవర్‌టేక్ వద్దని అర్థం. అదే, ఎర్ర లైట్లు వెలిగించి ఆగిన స్కూల్ బస్సును పాస్ చేయకూడదంటే, చాలా రాష్ట్రాల్లో డివైడర్ లేని రోడ్డు మీద ఎదురుగా వచ్చేవాళ్లు కూడా ఆగాలి. పాస్ అంటే వెనకనుంచి దాటడమేనని ఒక కోచింగ్ సెంటర్‌లో మాకు నూరిపోశారు. ఆగిన బస్సుకు ఎదురుగా వస్తూ ఆగకుండా వెళ్లినందుకు నాకు ఫైన్ పడింది. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

సుజాత_ఎల్: మేడమ్, ఒమియాచ్‌కి మీవాళ్లు 'ఎవాయిడ్' రాస్తారా? నా స్టూడెంట్స్ అందరూ అదే రాస్తున్నారు.

వార్సా_టీచర్: రాస్తారండి. ఆ క్రియకు దూరంగా ఉండడం అనే అర్థం కూడా ఉంది. మూర్తి గారూ, మీది అమెరికా సంగతి. నా వాళ్లు వెళ్లేది బ్రిటన్‌కి. అక్కడ ఓవర్‌టేక్ అంటే కదిలే బండినే.

బర్మింగ్‌హామ్_వాసి: అది కూడా పూర్తిగా నిజం కాదండి. బ్రిటన్ రోడ్డు నియమాల పుస్తకం హైవే కోడ్‌లో 191వ నియమం చూడండి. జీబ్రా క్రాసింగ్ దగ్గర నడిచేవాళ్లకు దారిచ్చి ఆగిన బండిని కూడా 'ఓవర్‌టేక్' చేయకూడదనే రాశారు. ఆగిన బండికీ అదే క్రియ.

వార్సా_టీచర్: పోలిష్ చట్టం అదే తప్పుకి ఒమియాచ్ వాడుతుంది, విప్షెద్జాచ్ కాదు. నేను చెప్పేది ఆ తేడా గురించే.

డాలస్_మూర్తి: ఆ తేడా పోలిష్‌ది, ఇంగ్లీషుది కాదు! వాళ్ల చట్టాన్ని తెచ్చి ఇంగ్లీషు మీద రుద్దుతున్నారు. పైగా రోజువారీ మాటల్లో పోలిష్ వాళ్లే ఒమియాచ్, విమియాచ్ కలిపేస్తారు. మా ఆఫీసులో రోజూ వింటున్నాను.

వార్సా_టీచర్: ఆఫీసులో కాఫీ తాగుతూ ఎలా మాట్లాడినా చెల్లుతుంది. లారీ పక్కన అద్దం పగిలాక ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసినవాడి పరిస్థితి వేరు. నా స్టూడెంట్ ఒకాయన 'ఐ వాజ్ పాసింగ్ ద వ్యాన్' అన్నాడు. వ్యాన్ ఆగి ఉందా, ముందు వెళ్తోందా, ఎదురొస్తోందా అని వాళ్లు మళ్లీ మళ్లీ అడిగారు. తప్పు ఎవరిదో తేలేది అక్కడే. ఆయన టెన్షన్‌లో నోరు పడిపోయి ఫోన్ పెట్టేశాడు. మీరు ఒక్క ఫైన్ గురించి ఇంత గట్టిగా మాట్లాడుతున్నారు, ఆయన ఉద్యోగం పోయింది.

డాలస్_మూర్తి: నా ఫైన్‌ని తేలిక చేయకండి. బోర్డు చదివి అర్థం చేసుకోలేనివాడు రేపు పిల్లల్ని గుద్దుతాడు.

కొత్త_సభ్యుడు: ఎందుకండీ ఇంత గొడవ, కదిలే బండికి ఓవర్‌టేక్, మిగతావాటికి పాస్ అంటే సరిపోదా?

సుజాత_ఎల్: సరిపోదండి, 191 ఉందిగా. అసలు మీరిద్దరూ వేర్వేరు పనుల గురించి మాట్లాడుతున్నారు. మూర్తి గారికి కావాల్సింది చదివి అర్థం చేసుకోవడం. అందుకు పాస్‌ని విశాలంగానే చెప్పాలి. మేడమ్‌కి కావాల్సింది నోటితో చెప్పడం. పోలిష్ వాళ్లు క్రియలో చూపించే తేడాని ఇంగ్లీషు వాళ్లు ఎక్కువగా కర్మ దగ్గర చూపిస్తారు: పార్క్ చేసిన వ్యాన్‌ని పాస్ చేశాను, ఎదురొచ్చే లారీని పాస్ చేశాను. క్రియ ఒకటే.

వార్సా_టీచర్: టెన్షన్‌లో ఆ 'పార్క్ చేసిన' అనే ముక్కే ఎగిరిపోతుంది సుజాత గారూ. గో రౌండ్ నేర్పితే ఏదో అడ్డం ఉందని ఆ ఒక్క క్రియే చెప్తుంది. అందుకే మాట్లాడే క్లాసులో మూడు మూడుగానే ఉంచుతాను. చదివే క్లాసులో మాత్రం స్కూల్ బస్సు నియమం, 191 రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

డాలస్_మూర్తి: బోర్డులు ముందు పెట్టండి మేడమ్. ఫోన్ తర్వాత.

వార్సా_టీచర్: లేదండి. మొదటి వారం ఫోనే.