దోమాస్ గాసాక్ రెడ్: పదిహేనేళ్లు దాచాలా, కొనగానే తాగాలా?

రవి_మోంపెల్యే: దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్ ప్రాంతంలో అనియాన్ ఊరి దగ్గర మాస్ ద దోమాస్ గాసాక్ అనే ఎస్టేట్ ఉంది. వాళ్ల రెడ్ వైన్‌లో ఎక్కువ వంతు కాబర్నే సొవిన్యోఁ అనే ద్రాక్ష. కొత్తగా ఉన్నప్పుడు వగరు నాలుకను పట్టేస్తుంది. పది, పదిహేనేళ్లకు మెత్తబడుతుంది. కొనగానే తెరవడం తప్పు.

కోటేశ్వర్: లేబుల్ మీద ఐజీపీ అనే ఉంది, అంటే నిబంధనలు కాస్త సడలించిన ప్రాంతీయ గుర్తింపు. ఫ్రాన్స్ లెక్కలోనే అది అప్పెలాసియోఁ కంటే, అంటే ఏ ద్రాక్ష వేయాలో కూడా నిర్ణయించే కఠినమైన గుర్తింపు కంటే, కింది మెట్టు. దానికి అంత నిరీక్షణ ఎందుకండీ?

రవి_మోంపెల్యే: అక్కడ నాటిన కాబర్నే బోర్డో ప్రాంతపు ద్రాక్ష. స్థానిక అప్పెలాసియోఁ నిబంధనలకు అది సరిపడదు, అంతే. నాణ్యత తక్కువై కాదు. ఎస్టేట్ మొదలుపెట్టిన ఎమే గిబేర్ తోలు వ్యాపారం చేసే మనిషి. ఆయన కొన్న నేలను బోర్డో ప్రొఫెసర్ ఆంరీ ఆంజల్బేర్ చూసి, ద్రాక్షకు గొప్ప నేల అన్నాడు. వైన్ తయారీలో బోర్డో వైన్ నిపుణుడు ఎమీల్ పేనో సలహా ఇచ్చాడు. 1978 మొదటి రెడ్. లార్జాక్ పీఠభూమి వైపు నుంచి రాత్రిళ్లు చల్లగాలి దిగుతుంది, అందుకే అంత ఎండలోనూ ద్రాక్షలో పులుపు నిలుస్తుంది. ఆ పులుపూ వగరూ ఉంటేనే వైన్ ఏళ్ల తరబడి ఆగేది.

సుధ: మేం జగ్గులో పోసి రెండు గంటలు ఉంచి మటన్‌తో తాగాం. చాలా బాగుంది.

కోటేశ్వర్: ఎవరు సలహా ఇచ్చినా ఐజీపీ ఐజీపీయే.

రవి_మోంపెల్యే: మీరు తాగేది వైనా, లేబులా?

కోటేశ్వర్: అంత మాట అన్నారు కాబట్టి చెప్తున్నాను. 2009లో రెండు సీసాలు కొన్నాను. షాపతను పన్నెండేళ్లు ఉంచమన్నాడు. హైదరాబాద్‌లో బీరువాలో, బట్టల వెనక ఉంచాను. మా అమ్మాయి ఇంజనీరింగ్ పూర్తయిన రోజు అందరి ముందూ తెరిస్తే ఉడికిన రేగుపండ్ల వాసన. ఎవరూ రెండో గుక్క తాగలేదు.

రవి_మోంపెల్యే: అది వేడికి పోయింది. పన్నెండు, పద్నాలుగు డిగ్రీల్లో ఉంచాల్సింది. తప్పు వైన్‌ది కాదండీ.

కోటేశ్వర్: వైన్‌ది కాదని నాకూ తెలుసు. "కొనగానే తెరవడం తప్పు" అన్నారు చూడండి, నా కోపమంతా ఆ మాట మీదే. నేలమాళిగ ఉన్నవాళ్ల పద్ధతిని అందరికీ రూలు చేసేశారు. అలాంటి మాట నమ్మే నేను పన్నెండు ఎండాకాలాలు ఆగాను.

రవి_మోంపెల్యే: "తప్పు" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను, క్షమించండి. కానీ చల్లగా ఉంచే వీలున్నవాళ్లు ఆగకపోతే ఆ వైన్‌ను సగమే ఎరిగినట్టు. అది మాత్రం మార్చుకోను.

సుధ: కోటేశ్వర్ గారూ, రెండో సీసా ఏమైంది?

కోటేశ్వర్: ఇంకా ఆ బీరువాలోనే ఉందమ్మా.