మెడికల్ కానబిస్ మొక్కకి వేపపిండి ఎక్కువైందా? ఆకులు కిందికి వంకర తిరుగుతున్నాయి

పెరటిమొక్క, బ్రాంప్టన్ (జూలై 8)

అందరికీ నమస్కారం. ఇంతకుముందు ఇక్కడ కరివేపాకు గురించీ గోంగూర గురించీ మిమ్మల్ని చాలా విసిగించాను. ఈసారి అడగడానికి కాస్త మొహమాటంగా ఉంది.

మా వారికి మల్టిపుల్ స్క్లిరోసిస్ అనే నరాల జబ్బు వచ్చి ఆరేళ్లయింది. రాత్రిళ్లు కాళ్లు కర్రల్లా బిగుసుకుపోతాయి, నిద్ర ఉండదు. మందులతో పాటు డాక్టరు రోజుకి 1 గ్రాము కానబిస్ (అదే, గంజాయి) రాశారు. నెలనెలా కొనడం భారమై, ఇంట్లోనే పెంచుకుంటామని హెల్త్ కెనడాలో (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య శాఖ) రిజిస్టర్ చేసుకున్నాం. ఆయన వంగి పని చేయలేరు కాబట్టి ఆయన తరఫున పెంచే మనిషిగా నా పేరు పెట్టాం. నా మీద కేసులేవీ లేవని పోలీసు కాగితం కూడా జతచేయాల్సి వచ్చింది. గంజాయి మొక్క కోసం పోలీసు కాగితం తెచ్చుకున్నది మా వంశంలో నేనే అయ్యుంటాను! సర్టిఫికెట్ ప్రకారం బయట 2 మొక్కలు పెంచుకోవచ్చు. విత్తనాలు లైసెన్స్ ఉన్నవాళ్ల దగ్గరే కొన్నాను.

మా నాన్న గుంటూరు జిల్లాలో మిర్చి రైతు. ఆయనకి అసలు సంగతి చెప్పే ధైర్యం లేక కుండీల్లో మిరప మొక్కలు వేస్తున్నానని చెప్పాను. "ఎకరానికి రెండు క్వింటాళ్ల వేపపిండి వెయ్యమ్మా, వేరు పురుగు జోలికి రాదు" అన్నారు. కుండీకి ఎంత నాన్నా అంటే "గుప్పెడు వెయ్యి, ఏం కాదు" అన్నారు. ఆ గుప్పెడు నాకు ఆనలేదు. 20 లీటర్ల బట్ట కుండీ ఒక్కోదానికి నాలుగు గుప్పెళ్ల వేపపిండి, కప్పు బ్లడ్ మీల్ (ఎండబెట్టిన రక్తం పొడి), అరకప్పు బోన్ మీల్ (ఎముకల పొడి), పావు వంతు వర్మీ కంపోస్టు కలిపాను. జూన్ మధ్యలో పైన ఇంకో కప్పు బ్లడ్ మీల్ చల్లాను (వాసనకి మా వారు రెండు రోజులు పెరటి తలుపు తియ్యనివ్వలేదు).

మే చివర్లో నాటాను. జూన్ అంతా బాగానే ఎదిగాయి. ఇప్పుడు ఆకులు నలుపు తిరిగిన ముదురాకుపచ్చలోకి వచ్చి, కొసలు చిలక ముక్కులా కిందికి వంగాయి. అంచులు మాడాయి. రోజూ పొద్దున్నే నీళ్లు పోస్తున్నా. మట్టి మీద చిన్న నల్ల ఈగలు. నిన్న రాత్రి ఏదో జంతువు ఒక కుండీని సగం తవ్వేసింది. ఆకలితో ఉన్నాయేమో, ఇంకాస్త ఎరువు వెయ్యనా?

రామం, ఎడ్మంటన్

చెల్లెమ్మా, ముందు ఆ బ్లడ్ మీల్ సంచీ తీసుకెళ్లి గరాజ్‌లో పెట్టి తాళం వెయ్యండి. అది ఆకలి కాదు, అజీర్తి. ముదురు రంగు, కిందికి వంగిన కొస, రెండూ నత్రజని ఎక్కువైన గుర్తులే. తక్కువైతే అడుగు ఆకులు ముందు పసుపెక్కుతాయి. మీరు ఆ మాట రాయలేదు.

మీ నాన్నగారి లెక్క తప్పు కాదు. ఎకరం అంటే సుమారు 4,000 చదరపు మీటర్లు. అందులో 200 కిలోలు చల్లితే చదరపు మీటరుకి 50 గ్రాములు. మీ కుండీ మూతి అడుగు వెడల్పు ఉంటుందేమో, అంటే చదరపు మీటరులో పద్నాలుగో వంతు. దాని వాటా మూడున్నర గ్రాములు! చెంచాడు. కుండీలో వేరుకి వేరే దిక్కు లేదు కాబట్టి కాస్త ఎక్కువే వేస్తాం అనుకున్నా, రెండు పెద్ద చెంచాలు దాటక్కర్లేదు. మీరు నాలుగు గుప్పెళ్లు వేశారు. దాని మీద బ్లడ్ మీల్, అందులో నత్రజని 12 శాతం దాకా ఉంటుంది.

నీళ్లు గుమ్మరించి కడిగేద్దామని మాత్రం అనుకోకండి. సేంద్రియ ఎరువు ఉప్పులా ఒక్కసారిగా కరగదు. మట్టిలో సూక్ష్మజీవులు కొంచెం కొంచెంగా విప్పి ఇస్తాయి, ఎండ ముదిరే కొద్దీ ఇంకా వేగంగా. మీరు కడిగినా మర్నాడు మళ్లీ తయారవుతుంది, ఈలోపు వేరు కుళ్లుతుంది.

నేనైతే ఇలా చేస్తా. పైన చల్లిన పొర రెండంగుళాలు గోకి తీసేస్తా. 60 లీటర్ల బట్ట కుండీ తెచ్చి, రెండు వంతుల పీట్ మాస్ (కుళ్లిన నాచు పొడి), ఒక వంతు పెర్లైట్ (మట్టిని గుల్లగా ఉంచే తెల్ల గుళికలు), పీట్‌కి పులుపు ఎక్కువ కాబట్టి కాస్త డోలమైట్ సున్నం కలిపి, అందులోకి మొక్కని మట్టిగడ్డతో సహా దించుతా. ఎరువు చిటికెడు కూడా వద్దు. వేరు కొత్త మట్టిలోకి పాకితే తేరుకుంటుంది. మాడిన ఆకులు మళ్లీ బాగుపడవు, వాటిని చూసి బెంగపడకండి, కొత్త చిగురు చూడండి.

రోజూ నీళ్లు మానెయ్యండి. కుండీ ఎత్తి చూసి తేలిగ్గా ఉంటేనే పొయ్యండి. పై అంగుళం ఆరితే ఆ ఈగలు సగం పోతాయి, మిగతావాటికి పసుపు జిగురు అట్టలు.

ఇంకోటి. పెరటి మట్టి కలపకండి. ఈ మొక్క నేలలోని సీసం, కాడ్మియం లాంటి లోహాలని లాక్కుని తనలో దాచుకుంటుంది. అణు ప్రమాదం జరిగిన చెర్నోబిల్ దగ్గర కలుషిత నేల శుభ్రం చేయడానికి దీని జాతిదే అయిన నార మొక్క హెంప్‌నే వేసి చూశారు. తీసుకునేది మీ ఆయన, అదీ రోజూ.

కుండీల రాజ్యం, మిస్సిసాగా

తవ్వింది రకూన్. అనుమానమే లేదు. బోన్ మీల్, బ్లడ్ మీల్ వాసనకి వాటికి విందు పిలుపు అందినట్టే. పోయినేడాది నా టమాటాలన్నీ పీకి వరసగా పడుకోబెట్టి పోయింది, ఒక్కటీ తినలేదు. కుండీ మూతికి కోళ్ల గూడు వల కత్తిరించి బిగించండి. పిల్లలుంటే కంచె తలుపుకి తాళం కూడా.

టెర్రస్‌తోట, హైదరాబాద్

మా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఇక్కడ మిద్దె మీద ఒక్క మొక్క పెట్టుకుంటే ఎవరికి తెలుస్తుంది?

రామం, ఎడ్మంటన్

వద్దు తమ్ముడూ. ఇండియాలో 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుమందుల చట్టం) ఉంది, లైసెన్స్ లేకుండా ఒక్క మొక్క పెంచినా నేరమే. డాక్టరు చీటీ ఉంది, కుండీలోనే ఉంది అంటే ఒప్పుకోరు. అమ్మగారిని ఎముకల డాక్టరుకి చూపించండి. చెల్లెమ్మా, మీరూ గుర్తుపెట్టుకోండి, ఆ సర్టిఫికెట్ కెనడా గడప లోపలే. ఊరెళ్లేటప్పుడు సంచీలో చిన్న ముక్క కూడా ఉండకూడదు.

పెరటిమొక్క, బ్రాంప్టన్ (ఆగస్టు 24)

రామం అన్నయ్యా, మీరు చెప్పినట్టే చేశాను. బట్ట కుండీకి వేర్లు పట్టుకుపోయి ఊడి రాలేదు, కత్తెరతో కోయాల్సి వచ్చింది. మొదటి పది రోజులు రెండూ అలిగినట్టు కూర్చున్నాయి. తర్వాత ఒకటి లేత చిగురేసింది, ఇప్పుడు నా భుజం దాకా ఉంది. రకూన్ తవ్విన రెండోది నడుము దాటలేదు. వల బిగించాక మళ్లీ ఎవరూ రాలేదు.

పొద్దు తగ్గుతోంది కదా, వారం నుంచి కణుపుల దగ్గర తెల్లటి నూగు వెంట్రుకలు కనిపిస్తున్నాయి. రెండూ ఆడ మొక్కలే (మందుకి పనికొచ్చేది ఆడ పువ్వే కదా), బతికిపోయాను. మా వారు కుర్చీ పెరట్లో వేయించుకుని సాయంత్రాలు వాటి పక్కనే కూర్చుంటున్నారు.

నాన్న మొన్న ఫోన్‌లో "మిరప ఎంతవరకొచ్చింది?" అన్నారు. పూత వచ్చింది నాన్నా అన్నాను. "అయితే ఇక మందేం కొట్టకు, పూత మీద పడితే పోతుంది" అన్నారు. సెప్టెంబరు వానలకి ఏం చెయ్యాలో ఆయన్ని అడగలేను కాబట్టి మిమ్మల్ని అడుగుతున్నా.

రామం, ఎడ్మంటన్

నాన్నగారి మాట వినండి, వేపనూనె కూడా కొట్టకండి. వానలకి కుండీలు చూరు కిందికి జరపండి, గాలి మాత్రం ఆడాలి. గుబురుగా ఉన్న లోపలి ఆకులు కొన్ని తుంచండి. పువ్వు మధ్యలో బూడిదరంగు బూజు కనిపిస్తే ఆ కొమ్మ అక్కడికక్కడే కోసి పారెయ్యండి, బాగున్న సగం ఉంచుకుందామని చూడకండి. ఆ పెద్ద మొక్క ఫొటో ఒకటి పెట్టండి.