పి0722 కోడ్ వస్తాంది, గేర్ మూడు మీదనే పట్టుకుంటాంది. సెన్సర్ మార్చాల్నా?

ప్రశ్న (హన్మకొండ)

అన్నలందరికి నమస్తే. పెట్రోల్ కారు, 6 గేర్ల ఆటోమేటిక్, టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ బలాన్ని ఆయిల్ ద్వారా గేర్‌బాక్సుకు అందించేది) రకం. పొద్దుగాల మంచిగనే పోతది. వేడెక్కినంక నయీంనగర్ దిక్కు గుంతలల్ల ఊగిందంటే చెక్ లైట్ వెలుగుతది, గేర్ మూడు మీదనే ఉంటది, పైకి పోదు, కిందికి రాదు. కీ తీసి మళ్ల స్టార్ట్ చేస్తె కొద్దిసేపు మంచిగైతది. స్పీడోమీటర్ కరెక్టుగనే చూపిస్తాంది. స్కానర్ పెడితే పి0722, అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్ (గేర్‌బాక్స్ నుంచి చక్రాల దిక్కు పోయే షాఫ్ట్ ఎంత వేగంగ తిరుగుతాందో చూసేది) సిగ్నల్ లేదని వచ్చింది. గ్యారేజీల సెన్సర్ మార్చాలె అంటున్నరు. మార్చుడేనా, ముందుగాల ఏమన్న చూసుకోవాల్నా? ఇట్లనే కరీంనగర్ దాకా పోవచ్చా?

జవాబు 1 (కాజీపేట, ఆటో ఎలక్ట్రీషియన్)

సెన్సర్ ఇప్పుడే కొనకుండ్రి. ఆ కోడ్‌కు అర్థం సిగ్నల్ గేర్‌బాక్స్ కంప్యూటర్‌కు అందుతలేదని, అంతే. సెన్సర్, కనెక్టర్, వైరు, కంప్యూటర్ ఇచ్చే కరెంటు, వీటిల ఏది పోయినా అదే కోడ్ వస్తది. గుంతలల్ల ఊగినప్పుడే వస్తాందంటె నా అనుమానం మొదలు కనెక్టర్ మీద, వైరు మీద. వేడికి మాత్రమే వస్తె సెన్సర్ మీద అనుమానపడాలె. స్పీడోమీటర్ పనిచేస్తుందని సెన్సర్ మంచిదనుకోవద్దు, చాన బండ్లల్ల అది ఏబీఎస్ (చక్రాల స్పీడ్ చూసుకుంట బ్రేకులు సంభాళించేది) నుంచి చదువుతది.

ముందుగాల బ్యాటరీ చూడుండ్రి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు తక్కువుంటె, స్టార్ట్ చేసినంక 13.5 కూడ దాటకపోతె అది సరిచేసినంకనే మిగతాది. వోల్టేజ్ పడిపోతె లేని కోడ్‌లు పుట్టుకొస్తయి.

తర్వాత స్కానర్ల లైవ్ డేటా (అప్పటికప్పుడు వచ్చే అంకెలు) తెరిచి ఇన్‌పుట్ స్పీడ్ (గేర్‌బాక్సులకు వచ్చే షాఫ్ట్ వేగం), అవుట్‌పుట్ స్పీడ్ పక్కపక్కన పెట్టుండ్రి. పక్కన ఒకల్ని కూసోబెట్టి వాళ్లను చూడమని బండి నడుపుండ్రి. ఒకే గేర్ల ఇన్‌పుట్‌ను అవుట్‌పుట్‌తోని భాగిస్తె వచ్చే సంఖ్య స్పీడ్ పెరిగినా తగ్గినా మారొద్దు. బండి ఉరుకుతుండంగ అవుట్‌పుట్ ఒక్కసారి సున్నాకు పడి మళ్ల లేస్తె కనెక్షన్ తెగుతాందని. రెండు స్పీడ్‌లు మంచిగ వస్తూ ఆ సంఖ్య పెరుగుతాంటె లోపల క్లచ్ జారుతాంది, దానికి సెన్సర్ మార్చి లాభంలేదు.

కీ ఆఫ్ చేసి కనెక్టర్ విప్పి లోపటికి చూడుండ్రి. పిన్నుల మీద ఆకుపచ్చ పొర ఉన్నదంటె నీళ్లు పోయినయి. ఎర్రటి ఆయిల్ ఉంటె సెన్సర్ లోపలి నుంచే ఆయిల్ ఊరుతాంది, ఆ సెన్సర్ ఎట్లైనా మార్చాల్సిందే. వరి కోతల కాలంల ఎలుకలు బానెట్లకు ఎక్కుతయి. హార్నెస్ (వైర్ల కట్ట) మీది టేపు విప్పి మొత్తం తడిమి చూడాలె, పైకి మంచిగ కనిపించే వైరు లోపల రాగి తెగి ఉంటది.

మల్టీమీటర్ పెట్టేముందు సెన్సర్ రకం తెలుసుకోవాలె. మూడు వైర్లుంటె హాల్ రకం (కరెంటు ఇస్తెనే పనిచేసే ఎలక్ట్రానిక్ సెన్సర్): కీ ఆన్‌ల, ఇంజిన్ ఆపి, విప్పిన కనెక్టర్ల బండి వైపు పిన్నుల దగ్గర చూస్తె 5 లేదా 12 వోల్టుల సప్లై, ఒక గ్రౌండ్, ఒక సిగ్నల్ దొరకాలె. రెండు వైర్లుంటె రెండు రకాలున్నయి. కాయిల్ (తీగ చుట్ట) రకమైతె ఓమ్‌లు కొలవొచ్చు, మ్యాన్యువల్ల ఇచ్చిన అంకెతోని పోల్చుండ్రి. రెండు వైర్ల హాల్ రకానికి ఓమ్‌ల టెస్ట్ చెల్లదు, అది 7, 14 మిల్లీ ఆంపియర్ల మధ్య కరెంటు మార్చి సిగ్నల్ ఇస్తది. చానమంది ఈడనే మంచి సెన్సర్‌ను పారేస్తున్నరు.

జవాబు 2 (కరీంనగర్, మెకానిక్)

కరీంనగర్ దాకా అట్లనే రావద్దు. కోడ్ వచ్చి ఇట్ల మూడో గేర్ల పట్టుకున్నప్పుడు టార్క్ కన్వర్టర్ లాక్ కాదు (ఇంజిన్‌ను గేర్‌బాక్సుతోని నేరుగ కలపదు), హైవే మీద ఆయిల్ కాగుతది. దగ్గర్ల ఉన్న గ్యారేజీ దాకా మెల్లగ పోతె సరే.

టెస్టులన్ని అయి సెన్సరే పోయిందని తేలితె ఇట్ల మార్చాలె. ఛాసిస్ నంబర్ చెప్పి పార్ట్ తీసుకోండ్రి, ఇన్‌పుట్, అవుట్‌పుట్ సెన్సర్లు చూడనీకి ఒక్కతీరుగుంటయి. బండి చల్లారినంక బ్యాటరీ మైనస్ విప్పాలె. చాన బండ్లల్ల బ్యాటరీ ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా తీస్తెనే చెయ్యి ఆనుతది. సెన్సర్ చుట్టు బ్రేక్ క్లీనర్ కొట్టి తుడవకుండ గుంజొద్దు, ఆ మట్టి గేర్‌బాక్సులకు పోతది. ఎక్కువగ 10 ఎంఎం సాకెట్ పట్టే ఒక్క బోల్టే ఉంటది. అది తీసి సెన్సర్‌ను కుడికి ఎడమకు తిప్పుకుంట గుంజాలె. స్క్రూడ్రైవర్ పెట్టి లేపితె ప్లాస్టిక్ విరిగి ముక్క లోపలనే ఉంటది. ఆ రంధ్రం నుంచి కొంచెం ఆయిల్ కారొచ్చు, కింద ట్రే పెట్టుకోండ్రి.

తీసిన సెన్సర్ కొనను తెల్ల గుడ్డతోని తుడవండ్రి. మెత్తటి నల్ల పేస్ట్ ఉంటె భయంలేదు. గోటికి గుచ్చుకునే రజను ముక్కలుంటె లోపల అరుగుదల ఉన్నట్టు, గేర్‌బాక్స్ చూపించాలె.

కొత్త ఓ-రింగ్‌కు (సెన్సర్ చుట్టు ఉండే రబ్బర్ రింగు) గ్రీస్ వద్దు, అదే గేర్‌బాక్స్ ఆయిల్ రాయండ్రి. చేత్తోనే పూర్తిగ కూసోబెట్టాలె. బోల్టు బిగించి సెన్సర్‌ను లోపటికి లాగితె దాని చెవి పగులుతది. ఎం6 బోల్టుకు (మర 6 ఎంఎం, తల 10 ఎంఎం) 8 నుంచి 10 న్యూటన్ మీటర్ల బిగింపు సరిపోతది, మ్యాన్యువల్ల వేరే ఉంటె అదే. కారిన ఆయిల్ ఎంతో చూసి లెవెల్ సరిచేయాలె, చాన బండ్లకు ఇది మ్యాన్యువల్ల చెప్పిన ఆయిల్ వేడి దగ్గరనే చూడాలె. కోడ్ తుడిచి అన్ని గేర్లు మారేటట్టు 20 నిమిషాలు నడిపి మళ్ల స్కాన్ చేయండ్రి.

కొన్ని గేర్‌బాక్సులల్ల సెన్సర్ లోపల వాల్వ్ బాడీ (ఆయిల్ ఒత్తిడితోని గేర్లు మార్చే భాగం) మీద ఉంటది. అట్లయితె కింది ఆయిల్ పాన్ విప్పి, ఆయిల్ తీసి చేసే పని, ఇంట్ల చెయ్యొద్దు.

ప్రశ్న అడిగినాయన

మూడు వైర్లే ఉన్నయి అన్నా. కీ ఆన్ చేసి, కనెక్టర్ విప్పి చూస్తె సప్లై దగ్గర 0.8 వోల్టులే వస్తాంది.

జవాబు 1 (కాజీపేట)

అయితె సెన్సర్ కొనకుండ్రి. అది విప్పినంక కూడ 0.8 ఉన్నదంటె ఆ సెన్సర్ తప్పు కాదు. ఒకే సప్లై లైన్ మీద మూడు నాలుగు సెన్సర్లు ఉంటయి, వాటిల ఒకటి షార్ట్ అయినా అన్నిటికి వోల్టేజ్ పడుతది. వైరింగ్ బొమ్మ ముందట పెట్టుకొని ఆ లైన్ మీద ఉన్న సెన్సర్ల కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పుకుంట మీటర్ చూడుండ్రి. ఏది విప్పంగనే సప్లై లేస్తె షార్ట్ ఆడనే ఉన్నది. అన్ని విప్పినా లేవకుంటె గేర్‌బాక్స్ కంప్యూటర్ దాకా ఆ వైరు యాడ ఒరుసుకొని బాడీకి ఆనుతాందో వెతకాలె. బ్యాటరీ ట్రే కింద హార్నెస్ మలుపు తిరిగే కాడ మొదలుపెట్టుండ్రి.