చెన్నై నుంచి హేవ్‌లాక్: ఎనిమిది మందికి ఒకే విల్లా సరిపోతుందా?

ప్రశ్న (వేళచ్చేరి నుంచి): ఫిబ్రవరిలో ఎనిమిది మంది స్నేహితులం అండమాన్‌లోని హేవ్‌లాక్ ద్వీపానికి వెళ్తున్నాం, ఐదు రాత్రులు. విల్లా మొత్తం తీసుకోవాలా, విడి గదులా? రోజులెలా పంచుకోవాలి?

జవాబు 1: ముందు ఫెర్రీ టికెట్లు, తర్వాతే విల్లా అండి. పోర్ట్‌బ్లెయిర్‌కు (2024 నుంచి శ్రీ విజయపురం) విమానంలో సుమారు రెండుంపావు గంటలు. అక్కణ్ణుంచి హేవ్‌లాక్‌కు ప్రైవేటు ఫెర్రీలో దాదాపు రెండు గంటలు. సముద్రం బాగోకపోతే ఫెర్రీలు ఆపేస్తారు. అందుకే నాలుగు రాత్రులు హేవ్‌లాక్‌లో, చివరి రాత్రి తప్పకుండా పోర్ట్‌బ్లెయిర్‌లో ఉండండి. తిరుగు ఫెర్రీ, విమానం ఒకే రోజు పెట్టుకుంటే ఎనిమిది టికెట్లూ గాలిలో దీపమే.

జవాబు 2: నా ఓటు విల్లాకే, కానీ బెడ్‌రూములు కాదు, బాత్రూములు లెక్కపెట్టండి. ఎనిమిది మందికి కనీసం మూడు. కరెంటు పోతే జనరేటర్ ఏసీలకూ పనిచేస్తుందా, ఫ్యాన్లూ లైట్లకేనా అని రాతపూర్వకంగా అడగండి. ‘బీచ్ ఎదురుగానే’ అన్నది చూసి మురిసిపోకండి. తూర్పున విజయనగర్ వైపు ఆటు వేళ నీళ్లు బాగా వెనక్కి పోయి రాళ్లు తేలతాయి, అప్పుడు ఈత కుదరదు. ఈతకు పడమటి ఒడ్డున రాధానగర్ మంచిది. నాలుగింటికల్లా చేరండి, ఫిబ్రవరిలో ఐదున్నర ప్రాంతంలోనే పొద్దు గూకుతుంది.

జవాబు 3: స్కూబా ఉంటే మొదటి రోజుల్లోనే ముగించండి. ఒంట్లో కరిగిన నైట్రోజన్ పైఎత్తున బుడగలు కట్టకుండా, ఆఖరి డైవ్‌కూ విమానానికీ మధ్య 18 గంటలు ఉండాలి. పగడాలు, గవ్వలు ఏరి తేకండి, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు.