శీర్షాసనం, చేతులపై నిలబడటం: నలభై దాటాక మొదలుపెట్టవచ్చా?

ప్రశ్న: వరంగల్ వాసి

నమస్కారం. నాకు నలభై ఆరేళ్లు. కొన్నేళ్లుగా సూర్య నమస్కారాలు, సర్వాంగాసనం చేస్తున్నాను. మా యోగా కేంద్రంలో ఇక శీర్షాసనం మొదలుపెట్టమంటున్నారు. దానివల్ల మెదడుకు రక్తం ఎక్కువగా అందుతుందని, జుట్టు నెరవడం ఆగుతుందని అక్కడి పెద్దలు చెబుతున్నారు. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి గోడ ఆసరాతో చేతులపై నిలబడటం నేర్చుకుంటూ, తలను నేలకు ఆనించడం కంటే అదే మేలని వాదిస్తోంది. నాకు బీపీ, షుగర్ లేవు. రోజంతా కంప్యూటర్ ముందు పని కావడంతో మెడ అప్పుడప్పుడు పట్టేస్తుంది. మా అమ్మగారికి నీటికాసుల జబ్బు, అంటే గ్లాకోమా ఉంది. ఈ రెండింటిలో నాకు ఏది తగినదో, అసలు తగినవేనో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: యోగ శిక్షకురాలు, రాజమహేంద్రవరం

ముందుగా మీ మెడ గురించి చెబుతాను, ఎందుకంటే శీర్షాసనంలో కీలకమంతా అక్కడే ఉంది. మామూలుగా మెడ ఎముకలు మోసేది అయిదు కిలోల లోపు ఉండే తలను మాత్రమే. అనుభవం ఉన్న 45 మంది సాధకులపై అమెరికాలో జరిపిన ఒక పరిశీలనలో, శీర్షాసనంలో తలపై పడే గరిష్ఠ భారం శరీర బరువులో 40 నుంచి 48 శాతం దాకా ఉన్నట్టు తేలింది. అంటే అరవై కిలోల మనిషికి 24 నుంచి 29 కిలోలు. బాగా అలవాటైన వారి సంగతే ఇది. కాళ్లను విసిరి పైకి లేచే కొత్తవారి మెడ ఎంత కుదుపుకు గురవుతుందో ఊహించుకోవచ్చు.

అందుకే నా దగ్గరికి వచ్చేవారితో చాలా కాలం పాటు కాళ్లు నేలమీదనే ఉంచి సాధన చేయిస్తాను. మోచేతులు భుజాల వెడల్పులో ఉంచి, వేళ్లు పెనవేసి, చిటికెన వేలి వైపు మణికట్టు అంచును, ముంజేతులను నేలకు గట్టిగా నొక్కి, భుజాలను చెవులకు దూరంగా లాగి, నడుము పైకెత్తాలి. ఆ స్థితిలో తలను నేల నుంచి ఒక అంగుళం లేపి, ఊపిరి బిగబట్టకుండా కాసేపు నిలవగలిగితే, బరువు మోయడానికి భుజాలు సిద్ధమయ్యాయని అర్థం. అది చేతకానంత కాలం కాళ్లు పైకెత్తే ఆలోచన పెట్టుకోవద్దు. మెడ పట్టేసి ఉన్న రోజున ఇది కూడా వద్దు. చేయి తిమ్మిరెక్కినా, నొప్పి భుజం దాటి కిందికి పాకినా ముందు ఎముకల డాక్టరును కలవండి.

ఇక నెరిసిన జుట్టు మాట. విపరీతకరణిని, అంటే కాళ్లు పైకి, తల కిందికి ఉంచే సాధనను చేస్తే ఆరు నెలలకు ముడతలు, నెరుపు పోతాయని హఠయోగ ప్రదీపిక అనే పాత యోగ గ్రంథంలో ఉన్న మాట నిజమే. అయితే మొదటి రోజు క్షణకాలమే చేసి, రోజురోజుకూ కొద్దికొద్దిగా పెంచమని కూడా అక్కడే ఉంది. మొదటి మాటను అందరూ చెబుతారు, రెండోదాన్ని ఎవరూ గుర్తుచేయరని నాకు బాధగా ఉంటుంది.

జవాబు: కంటి వైద్యుడు

మీ ప్రశ్నలో నన్ను ఆపింది అమ్మగారి గ్లాకోమా, అంటే కంటి నరం మెల్లగా దెబ్బతినే జబ్బు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఆ జబ్బు ఉన్నవారికి అది వచ్చే అవకాశం మిగతావారి కంటే బాగా ఎక్కువ. కంటిలోని ఒత్తిడి సాధారణంగా 10 నుంచి 21 మిల్లీమీటర్ల పాదరసం మధ్య ఉంటుంది. చెన్నైలోని శంకర నేత్రాలయ వైద్యులు 75 మంది యోగ సాధకులను పరీక్షించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, శీర్షాసనంలో ఆ ఒత్తిడి దాదాపు రెట్టింపు అయింది. ఆ సాధకులలో కంటి ఒత్తిడి జబ్బు మామూలు కంటే ఎక్కువగా ఏమీ కనిపించలేదని కూడా వారు రాశారు. కాబట్టి ఆరోగ్యమైన కళ్లున్నవారు బెంబేలు పడనక్కరలేదు. కానీ కంటి నరం అప్పటికే దెబ్బతిని ఉంటే, ఆ రెట్టింపు ఒత్తిడిని అది తట్టుకుంటుందన్న భరోసా లేదు. గ్లాకోమా మొదట్లో చాలామందికి నొప్పి గానీ చూపు మసక గానీ ఉండవు. అందువల్ల కంటి ఒత్తిడితో పాటు కంటి నరాన్ని కూడా చూపించుకున్న తరువాతే తలకిందులయ్యే సాధన ఏదైనా మొదలుపెట్టండి. చేతులపై నిలబడినా తల గుండెకు దిగువనే ఉంటుంది కనుక కంటి విషయంలో దానికీ మినహాయింపు లేదు.

మెదడుకు చేరే రక్తం సంగతి కూడా చెప్పాలి. భంగిమ మారినా, రక్తపోటు కొంత అటూ ఇటూ అయినా, మెదడులోని రక్తనాళాలు తమంతట తామే సంకోచించి లేదా వ్యాకోచించి ప్రవాహాన్ని దాదాపు నిలకడగా ఉంచుతాయి. అదుపులో లేని బీపీ, మధుమేహం వల్ల రెటీనా (కంటి లోపలి వెనుక పొర) దెబ్బతినడం, రెటీనా ఊడటం వంటివి ఉన్నవారు వీటి జోలికి వెళ్లకూడదు.

జవాబు: జిమ్నాస్టిక్స్ శిక్షకుడు

మీ అమ్మాయి మాటలో మెడ వరకు నిజం ఉంది. చేతులపై నిలబడినప్పుడు మెడపై బరువు పడదు, కానీ అదంతా తొంభై డిగ్రీలు వంగిన మణికట్ల మీదికి వస్తుంది. మీరు గోడకు వీపు ఆనించి, నడుము విల్లులా వంచకుండా, రెండు చేతులూ పైకెత్తి గోడను తాకించి చూడండి. అది సాధ్యం కాకపోతే, ముందు భుజాలు సాగదీసే పని చాలా ఉంది. అమ్మాయి మాత్రం పైకి లేవడం కంటే ముందు, తూలినప్పుడు ఒక చేయి కదిపి పక్కకు తిరిగి కాళ్లపై దిగడం నేర్చుకోవాలి. దెబ్బలు ఎక్కువగా తగిలేది ఆ క్షణంలోనే. భుజాల బలం, నడుము పట్టు, శరీరాన్ని అదుపులో ఉంచుకునే నేర్పు ఈ సాధన ఇచ్చే అసలైన ఫలాలు.

ప్రశ్నించిన వారు: వరంగల్ వాసి

అందరికీ కృతజ్ఞతలు. కంటి పరీక్ష తరువాతే ఏ సంగతీ నిర్ణయించుకుంటాను. డాక్టరు గారూ, మీ జవాబు చదివాక ఒక కొత్త దిగులు పట్టుకుంది. మా అమ్మగారు రోజూ ఉదయం పార్కులో అధోముఖ శ్వానాసనం, అంటే చేతులు, పాదాలు నేలకు ఆనించి నడుము పైకెత్తి తల కిందికి ఉంచే ఆసనం వేస్తారు. అది కూడా ప్రమాదమేనా?

జవాబు: కంటి వైద్యుడు

అడిగి మంచి పని చేశారు. న్యూయార్క్‌లో గ్లాకోమా ఉన్నవారిని, లేనివారిని కలిపి పరీక్షించి 2015లో ప్రచురించిన చిన్న అధ్యయనంలో అధోముఖ శ్వానాసనం, ఉత్తానాసనం, హలాసనం, విపరీతకరణి నాలుగింటిలోనూ కంటి ఒత్తిడి పెరిగింది. అన్నిటికంటే ఎక్కువగా పెరిగింది అధోముఖ శ్వానాసనంలోనే. మామూలు స్థితికి వచ్చిన కొద్ది నిమిషాలలోనే అది తగ్గింది. అయినా అమ్మగారి వయసులో, జబ్బు ఉన్న కంటికి ఆ భారం రోజూ పెట్టడం నాకు సమ్మతం కాదు. ఆవిడ యోగా మానక్కరలేదు. నిలబడి, కూర్చుని వేసే ఆసనాలలో తల గుండెకు పైనే ఉండేవి చేయవచ్చు, ఊపిరి బిగబట్టని ప్రాణాయామం చేయవచ్చు. ఆవిడ వేసే ఆసనాలన్నీ ఒక కాగితంపై రాసి, ఈసారి చుక్కల మందు కోసం వెళ్లినప్పుడు ఆవిడ డాక్టరుకు చూపించండి. ఆవిడ కంటి నరం ఎంత దెబ్బతిన్నదో వారికే తెలుసు.