వాల్టర్ టల్‌కు ఇప్పుడైనా మిలిటరీ క్రాస్ ఇవ్వాలా?

మాధవరం శ్రీను:
బ్రిటిష్ సైన్యంలో ధైర్యానికి ఇచ్చే ఆ పతకం అతనికి ఇవ్వాలనే నా మాట. టల్ 1888లో ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్‌లో పుట్టాడు. తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వడ్రంగి. అమ్మానాన్నా పోయాక అనాథాశ్రమంలో పెరిగాడు. 1909లో లండన్ ఫుట్‌బాల్ క్లబ్ టాటెన్‌హామ్‌లో చేరితే, ఆ ఏడాదే బ్రిస్టల్‌లో జనం రంగు పేరెత్తి తిట్టారు. తర్వాత నార్తాంప్టన్ క్లబ్‌కు నూరు మ్యాచ్‌లకు పైగా ఆడాడు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే ఫుట్‌బాలర్ల బెటాలియన్‌లో చేరాడు. యూరప్ సంతతి కానివాళ్లు ఆఫీసర్లు కాకుండా నిబంధనలు అడ్డున్నా 1917లో సెకండ్ లెఫ్టినెంట్ అయ్యాడు. 1918 మార్చి 25న ఫ్రాన్స్‌లో చనిపోయాడు. పతకానికి సిఫార్సు చేశారని తోటి అధికారి ఒకాయన టల్ అన్న ఎడ్వర్డ్‌కు ఉత్తరం రాశాడు. ఇంకేం కావాలి?

కరీంనగర్ రజిత:
సిఫార్సు కాగితం కావాలి శ్రీను గారూ. అది దొరకలేదనే బ్రిటిష్ ప్రభుత్వం అంటోంది. కొడుకో తమ్ముడో పోయిన ఇంటికి రాసే ఉత్తరంలో మంచి మాటలు ఉండటం మామూలే.

బంతి_బాబు:
టాటెన్‌హామ్ వాళ్లు అతన్ని ఎందుకు వదులుకున్నారో ముందు అది చెప్పండి.

మాధవరం శ్రీను:
ఇటలీలో పియావే నది దాటించి 26 మందిని ఒక్క ప్రాణం పోకుండా వెనక్కి తెచ్చాడు. మేజర్ జనరల్ లాఫర్డ్ అతని ధైర్యాన్ని, నిబ్బరాన్ని మెచ్చుకున్నాడు. అది కాగితం కాదా?

కరీంనగర్ రజిత:
అది మెప్పు. సిఫార్సు వేరు. పైగా చనిపోయినవాళ్లకు ఆ పతకం ఇచ్చే పద్ధతి అప్పట్లో లేదు.

మాధవరం శ్రీను:
కాగితం, కాగితం! మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరు. మా తాతయ్య బర్మాలో పోరాడాడు. పింఛను కోసం మా నాన్న ఆఫీసుల చుట్టూ తిరిగితే, 'ఫైలు లేదు' అని కిటికీలోంచి కాగితాలు వెనక్కి తోశారు. ఫైలు పోగొట్టింది వాళ్లు, పింఛను పోయింది మాకు. టల్ విషయంలోనూ అంతే.

కరీంనగర్ రజిత:
మీ తాతగారి బాధ నిజమే. కానీ దాంతో టల్ సిఫార్సు రుజువు కాదు కదా!

మాధవరం శ్రీను:
మీ ఇంట్లో జరిగుంటే ఇలా మాట్లాడరు.

వైజాగ్ మాధవి:
అన్నా, అక్కా, ఇద్దరూ కాస్త ఆగండి. అక్కా, రేపు ఆ కాగితం దొరికితే ఇవ్వమంటారా?

కరీంనగర్ రజిత:
వద్దంటాను. ఇస్తే ఫొటోలు దిగి, లెక్క తేలిపోయిందంటారు. యూరప్ సంతతి కానివాళ్లను ఆఫీసర్లు కానివ్వని ఆ నిబంధన రాసినవాళ్లను ఇక ఎవరూ అడగరు. అతన్ని గుర్తుపెట్టుకోవాల్సింది అతను చేసిన పనికి. బిల్లింగ్‌హామ్ అనే పాత గోల్‌కీపర్ తూటాల మధ్య అతని శవాన్ని తేవాలని చూశాడు, వీలుకాలేదు. సమాధి లేదు, ఫ్రాన్స్‌లోని ఆరాస్ యుద్ధ స్మారకంపై పేరే ఉంది. తోటివాళ్లు ప్రాణం పణంగా పెట్టారంటే అంతకు మించిన సిఫార్సేది?

మాధవరం శ్రీను:
ఇది ముందే చెప్పాల్సింది కదమ్మా! అయినా నేను ఒప్పుకోను. పతకం ఇచ్చినా ఆ నిబంధన గురించి అడగొచ్చు. ఇవ్వకపోతే మాత్రం రాసినవాళ్ల మాటే నెగ్గినట్టు.