నడక ముగియగానే బీపీ చూడవచ్చునా?

పర్లాకిమిడి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
మహేంద్రతనయ గట్టున ఉదయం పూట నడిచే మేము పదిమందిమి కలిసి ఒక బీపీ మిషను కొనుక్కున్నాము. నిన్న అరవై ఏళ్ల మిత్రునికి నడకకు ముందు 132/82 ఉండగా, నలభై నిమిషాలు చురుగ్గా నడిచి వచ్చి అరుగు మీద కూర్చోగానే 164/78 చూపించింది. నడక వల్లనే బీపీ పెరుగుతున్నదని భయపడి, ఇకపై రానన్నారు. నడక ముగియగానే కొలవడం పూర్తిగా మానివేయాలని నా అభిప్రాయం.

గుణుపురం, నర్సు:
మాస్టారూ, మీతో ఏకీభవిస్తున్నాను. నడిచేటప్పుడు కాళ్ల కండరాలకు నెత్తురు ఎక్కువగా కావాలి కనుక గుండె వేగంగా, బలంగా కొట్టుకుని పై అంకె పెరుగుతుంది; ఆ కండరాలలోని రక్తనాళాలు వెడల్పవుతాయి కనుక కింది అంకె ఉన్నచోటనే ఉంటుంది, లేదా కొంచెం తగ్గుతుంది. మీ మిత్రునికి జరిగింది అదే. మందు మోతాదును నిర్ణయించవలసింది విశ్రాంతిలో చూసిన బీపీతోనే. మొన్న ఒకామె జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టించుకుని, చెయ్యి కిందికి వేలాడేసి కూర్చుంటే 150 వచ్చింది. పట్టీని ఒంటికి చుట్టి, చేతిని బల్ల మీద గుండె ఎత్తున పెట్టించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టిన తరువాత అది 136. కూర్చున్న మనిషికే ఇంత తేడా వస్తే, రొప్పుతున్న మనిషి అంకెను ఎలా నమ్మగలము?

రాయగడ, వ్యాయామ శిక్షకుడు:
సిస్టర్ గారూ, నేను ఒప్పుకోలేను. విశ్రాంతిలో దాగి ఉన్న లోపం శ్రమలోనే బయటపడుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్షలో వైద్యులు మెట్టుమెట్టుకూ బీపీ చూసేది అందుకే. శ్రమ పెరుగుతున్నా పై అంకె పడిపోతే దానిని ప్రమాద సూచనగా తీసుకుంటారు. నాడిని కూడా వదలకూడదు. ఆగిన వెంటనే మణికట్టు పట్టి పది సెకన్లు లెక్కించి ఆరుతో హెచ్చించాలి, ఎందుకంటే నిమిషమంతా లెక్కిస్తే ఆలోగానే వేగం తగ్గిపోతుంది. నిమిషం తరువాత మళ్లీ లెక్కిస్తే గుండె ఎంత త్వరగా కుదుటపడుతున్నదో తెలుస్తుంది.

గుణుపురం, నర్సు:
నాడి విషయంలో మీ మాట నిజమే, అయితే గుండె వేగాన్ని తగ్గించే అటెనొలాల్ వంటి బీపీ మాత్రలు వేసుకునేవారికి నాడి అంతగా పెరగదని కూడా చెప్పాలి. బీపీ సంగతి వేరు. ట్రెడ్‌మిల్ దగ్గర శిక్షణ పొందినవారు ఉంటారు, పక్కనే ఈసీజీ నడుస్తూ ఉంటుంది. మన బ్యాటరీ మిషను పట్టీలోని కంపనాలను పసిగట్టి లెక్క కడుతుంది కనుక చెయ్యి కదిలితే తప్పు చూపిస్తుంది. నాకు ఎక్కువ భయం కలిగించేది మరొకటి ఉన్నది: నడక తరువాత చాలామందికి కొన్ని గంటలపాటు బీపీ మామూలు కన్నా తక్కువగా ఉంటుంది. ఆ సమయంలో మాత్రమే చూసుకుని, తగ్గిపోయిందనుకుని మాత్రలు మానేసినవారిని నేను చూశాను.

పర్లాకిమిడి, విశ్రాంత ఉపాధ్యాయుడు:
ఈ రెండో ప్రమాదం నాకు తట్టలేదు. ఈ రోజు మిత్రుని ఇంటికి వెళ్లి, నచ్చజెప్పి తీసుకువచ్చాను. నడకకు ముందు కూర్చోబెట్టి చూస్తే 134/80. నడక ఆపగానే పది సెకన్లకు నాడి 19, నిమిషం తరువాత 15. ఇరవై నిమిషాలాగి చూస్తే 122/76. నాలుగింటినీ వేళలతో సహా పుస్తకంలో రాశాము. సోమవారం వైద్యునికి చూపించేవరకు మాత్ర మార్చనని ఆయన మాట ఇచ్చారు.